అంకెలు విఱిగిన మల్టీమీటరు

మోటారు కదలకున్నను, ట్రాక్టరు పలుకకున్నను, ఇంటిలో దీపము మినుకుమినుకుమన్నను, నేడు మన గ్రామములలో మొట్టమొదట బయటకు వచ్చు పరికరము మల్టీమీటరు. అరచేతిలో నిముడు పసుపుపచ్చని డబ్బా. నడుమ గుండ్రముగా త్రిప్పు మీట. పైన అంకెలు కనబడు చిన్న కిటికీ. క్రింద ఎఱుపు, నలుపు తీగలు రెండు. దీనిని మీరందఱును చూచియే యుందురు. కరెంటు పని తెలిసిన కుఱ్ఱవాడు ఆ తీగల మొనలను రెండు చోట్ల నానించి, "రెండొందల ముప్పై ఉందండీ" అనును. పెద్దలు సరే యందురు. అంకె కనబడిన పిమ్మట వాదము లేదు.

ఆ అంకెయే తప్పుగా కనబడిన నేమగునన్నది నేటి నా ప్రసంగవిషయము. మీటరు తన లోపల చేయు లెక్క సరిగనే యుండును. ఆ లెక్కను మనకు చూపు ముఖము మాత్రము చెడియుండును. దీనిని మన మెకానిక్కులు డిస్‌ప్లే యందురు. అది చెడినపుడు కలుగు ప్రమాదమెట్టిదో, దానిని ఇంటివద్దనే బాగుచేసికొను ఉపాయమేదో నాకు తెలిసినంతవఱకు మనవి చేయుదును. నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు పాఠము చెప్పినవాడను. అయినను పాఠశాలలో ప్రయోగశాల తాళపుచెవి నాయొద్దనే యుండుటచేత పాత మీటర్లు నా చేతికి వచ్చుచుండెను. విప్పి చూచిన కొలది ఈ పరికరము నాకు పరాయిదిగా దోపలేదు. దీని రోగములు వ్యాకరణము చదివినవాడు ఎఱిగిన రోగములే.

మొదట ఆ కిటికీలోని లిపిని చూతము. ఒక్కొక్క అంకెకు ఏడు గీతలు కలవు. పైన ఒకటి, నడుమ ఒకటి, క్రింద ఒకటి, ఇవి మూడు అడ్డుగీతలు. ఎడమవైపు రెండు, కుడివైపు రెండు, ఇవి నాలుగు నిలువుగీతలు. ఏడును నల్లబడిన ఎనిమిది. అందు నడుమగీత తొలగిన సున్న. కుడివైపు నిలువుగీతలు రెండు మాత్రమే నిలిచిన ఒకటి. దానికి పైగీత చేరిన ఏడు. తక్కిన అంకెలును ఇట్లే ఈ ఏడు గీతలలో కొన్ని చేరియు, కొన్ని తొలగియు పుట్టుచుండును. మన చేతికి సాధారణముగా దొరకు మీటర్లను మూడున్నర అంకెల మీటర్లందురు. అర అంకె యనగా ఎడమకొసనుండు స్థానము. అందు ఒకటి తప్ప మఱొక అంకె పుట్టదు. కావున ఇది చూపగల పెద్ద సంఖ్య 1999.

1970వ దశకమున అమెరికాలో ఇంటర్సిల్ అను సంస్థవారు 7106 అను సంఖ్యగల చిప్పు నొకదానిని చేసిరి. అదియో, దాని పోలికను చేసిన మఱియొకటియో నేటికిని చవుక మీటర్లలో నున్నది. ఆ చిప్పునుండి డిస్‌ప్లేకు పోవు దారులను లెక్కించి చూడుడు. మూడు అంకెలకు ఏడేసి చొప్పున 21; అర అంకెకు ఒకటి; ఋణచిహ్నమునకు ఒకటి; అన్నింటికిని ఉమ్మడిగా వెనుక పలకకు ఒకటి; వెరసి 24. గాయత్రీఛందస్సునకు అక్షరములు 24 గదా. అందుచే ఈ సంఖ్య నాకు మఱపునకు రాదు. దశాంశబిందువులకును, లోపలి బ్యాటరీ నీరసించినదని తెలుపు గుర్తునకును దారులు వేఱు.

ఈ డిస్‌ప్లేలో దీపమేమియు లేదు. రెండు పలుచని గాజుపలకలు. వాని నడుమ వెండ్రుక మందములో పదవవంతు పాటి సందు. ఆ సందులో ద్రవస్ఫటికము అను వింతపదార్థము. ఇది ద్రవమువలె పారును గాని, స్ఫటికమునందువలె దీని యణువులు వరుస తప్పక నిలుచును. 1888లో ప్రేగ్ నగరమున ఫ్రీడ్రిఖ్ రైనిట్జర్ అను ఉద్భిజ్జశాస్త్రజ్ఞుడు ఇట్టి పదార్థమును మొదట గుర్తించెను. అది 145.5 డిగ్రీల వేడికి కరగి మసకగా నుండెను, 178.5 డిగ్రీలకు గాని తేటపడలేదు. ఒక పదార్థము రెండు మార్లు కరగుటయా యని యాతడు ఆశ్చర్యపడి జర్మనీ దేశీయుడగు ఒటో లేమన్ అను పండితునకు వ్రాసెను. ఎనుబది యేండ్లకు పైగా ఇది పండితుల వినోదముగనే యుండి, 1970, 71 సంవత్సరములలో స్విట్జర్లాండున షాట్, హెల్ఫ్రిఖ్ అను వారిచేతను, అమెరికాలో ఫెర్గసన్ అను వానిచేతను అంకెలు చూపు పనికి కుదిరినది. మన దేశమును ఈ విద్యలో వెనుకబడలేదు. 1977లో బెంగుళూరు రామన్ పరిశోధనసంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ గారును, వారి సహచరులును పళ్లెముల యాకారముగల అణువులతో నేర్పడు క్రొత్తజాతి ద్రవస్ఫటికమును కనుగొనిరి. అది మన మీటరులోనిది కాదు గాని చెప్పకుండ దాటుటకు మనసొప్పలేదు.

ఇక గీత యెట్లు నల్లబడును? గాజుపలకలకు ఇరువైపులను ఒక్కొక్క ప్లాస్టిక్కు పొర యంటింపబడి యుండును. వెలుతురు ఒక విధమైన కంపనము గదా. ఈ పొరలు కిటికీ ఊచలవంటివి; ఒకటి నిలువు కంపనమును, రెండవది అడ్డు కంపనమును మాత్రమే పోనిచ్చును. ఒకదాని వెనుక ఒకటి పెట్టిన వెలుతురు దాటదు. అయితే నడుమనున్న ద్రవస్ఫటికపు అణువులు గాలిగోపురపు మెట్లవలె పావుచుట్టు మెలితిరిగి యుండి, నిలువు కంపనమును అడ్డమునకు త్రిప్పి దాటించును. విద్యుత్తు తగిలిన చోట ఆ మెలి విడిపోవును. అంతమేర వెలుతురు ఆగును. మన కంటికి నల్లగీత కనబడును. ఆ విద్యుత్తు సెకనుకు ఏబది అఱువది మార్లు దిశ మార్చుకొనుచుండవలెను. ఒకేదిశగా నిలిచినచో ద్రవస్ఫటికము చెడిపోవును. కొందఱు డిస్‌ప్లేను ఊడదీసి, గీత వచ్చునేమో చూతమని 9 ఓల్టుల బ్యాటరీ నానింతురు. అట్లు చేయరాదు. చెడని గీతలుకూడ చెడును.

ఇప్పుడు రోగమునకు వత్తము. సంధికార్యములలో లోపమనియు, ఆగమమనియు, ఆదేశమనియు చెప్పుదురు. ఉండవలసిన వర్ణము పోవుట లోపము. లేనిది వచ్చి చేరుట ఆగమము. ఒకటి పోయి దానిచోట మఱొకటి వచ్చుట ఆదేశము. మీటరు అంకెలలోను ఇవియే కలవు. ఒక గీత పోవును. లేదా ఒక గీత అనవసరముగా వచ్చి నిలుచును. దానిచే ఒక అంకెచోట మఱొక అంకె కనబడును. వ్యాకరణములో ఇవి శాస్త్రసమ్మతములు, ఇచ్చట ప్రాణాంతకములు.

గీత పోయినంత మాత్రమున ప్రతి అంకెయు అబద్ధమాడదు. నడుమగీత పోయిన మూడు అంకెవలె కనబడనే కనబడదు. చూచినవాడు ఇదేమని అడుగును. అది మేలు. వ్రాయసకాడు పందిలో సున్న మఱచిన పది యగును. ఆ వాక్యములో పది కుదిరెనా, చదువరి తప్పును పట్టలేడు. భయపడవలసినది ఇట్టి లోపమునకే. మీటరులో అట్టివి కొన్ని కలవు. ఎనిమిదిలో నడుమగీత పోయిన సున్న. కుడివైపు పైగీత పోయిన ఆఱు. ఎడమవైపు క్రిందిగీత పోయిన తొమ్మిది. తొమ్మిదిలో కుడివైపు పైగీత పోయిన ఐదు. ఆఱులో ఎడమవైపు క్రిందిగీత పోయినను ఐదే. ఏడులో పైగీత పోయిన ఒకటి. ఈ మాఱుపాటులు ఎంత శుద్ధముగా నుండుననగా, ఏ కన్నును అనుమానింపదు. వెనుకటి ముల్లుమీటర్లలో ఈ బాధ లేదు. ముల్లు వంగినను, ఒకచోట పట్టుకొనినను చూచువానికి తెలియును. అంకె మాత్రము చెడియు చెడనట్లే నిలుచును.

రెండేండ్ల క్రిందట మా యూరి రైతొకడు ట్రాక్టరు బ్యాటరీని పాతసామానులవానికి వేయుటకు సిద్ధపడెను. "చచ్చిపోయింది మాస్టారూ, పన్నెండు దగ్గరే ఆగిపోయింది" అని మీటరు చూపెను. నిండుగ ఛార్జి యయి కొంతసేపు విశ్రమించిన 12 ఓల్టుల సీసపు బ్యాటరీ 12.6 మొదలు 12.8 వఱకు చూపును. పన్నెండునకు దిగినచో అందలి శక్తి చాలవఱకు ఉడిగినదనియే యర్థము. అతని మీటరులో 12.04 అని కనబడెను. నేను ఆ మీటరు తీసికొని టార్చిలైటు సెల్లు నొకదానిని కొలిచితిని. మూడవ స్థానమున వచ్చిన ఐదునకు నడుము లేదు. వెంటనే సంగతి తెలిసిపోయినది. వేఱొక మీటరు తెప్పించి అదే బ్యాటరీని కొలువగా 12.84. మూడవ స్థానమున ఎనిమిదికి నడుమగీత పోయి సున్న యయినది. తక్కిన మూడంకెలును సత్యమే. ట్రాక్టరు పలుకకుండుటకు కారణము బ్యాటరీ కొమ్ములపై పేరుకొన్న తెల్లని పొడి. గీకి, తుడిచి, బిగింపగా ఇంజను తిరిగినది. లేని గీత యొకటి ఆ రైతునకు వేలరూపాయలు నష్టము కలిగింపబోయెను.

అది సొమ్ముతో పోవు నష్టము. అంతకంటె పెద్దవి వినుడు. ఋణచిహ్నమును ఒక చిన్న అడ్డుగీతయే. తీగలు తాఱుమాఱుగా ఆనించితిమని ఆ గీత చెప్పవలెను. అది పోయినచో వ్యతిరేకముగానున్నది సవ్యముగా కనబడును. దానిని నమ్మి ఛార్జరును తలక్రిందులుగా తగిలించిన నిప్పురవ్వలు లేచును. బ్యాటరీ గుర్తు పోయినచో మీటరు లోపలి బ్యాటరీ నీరసించిన సంగతి తెలియదు. అట్టి నీరసమున మీటరు తఱచు ఉన్నదానికంటె ఎక్కువ చూపును. అన్నింటికంటె ఘోరమైనది నూర్ల స్థానము మొత్తము మాయమగుట. స్టార్టరు పెట్టెలో ఫేజుకును భూమికిని నడుమ 230 ఉండగా కిటికీలో 30 అని కనబడును. ముప్పదియే గదా, ఎక్కడినుండియో జాలువాఱినదని తలచి చేయి పెట్టినవాని గతి యేమి? కావున విఱిగిన అంకెల మీటరుతో "ఏదో సర్దుకొందము" అనువారితో నేను ఏకీభవింపను. అట్టి మీటరు బాగుపడువఱకు కరెంటు పెట్టెల దరికి పోరాదు.

మంచి వార్త యేమనగా, ఈ రోగములో ఎక్కువపాలు పైపై మురికియే. గాజుపలక అంచున కంటికి కనబడని పారదర్శకమైన దారులుండును. క్రింద సర్క్యూటు బోర్డుపై రాగిరేకులో, బంగారుపూత రేకులో వరుసగా నుండును. గాజునకు సోల్డరు అంటదు. కావున రెంటినడుమ ఒక రబ్బరుకడ్డీ నునిచి అదిమి పట్టుదురు. అగ్గిపుల్లకంటె కొంచెము లావు, పొడవు డిస్‌ప్లే అంత. దానిని మెకానిక్కులు జీబ్రా యందురు. కడ్డీని ప్రక్కనుండి వెలుతురునకు పట్టి చూచిన నలుపును తెలుపును సన్నని చారలు కనబడును. బొగ్గుపొడి కలిపిన నల్లచార విద్యుత్తును పోనిచ్చును, తెల్లచార ఆపును. పేరు చారల గుఱ్ఱమునుండి వచ్చినది. చారలు మిక్కిలి సన్ననివగుటచే ఒక్కొక్క రేకుపై కొన్ని చారలు పడును. చార దేనిపై పడవలెనో మనము చూచి పెట్టనక్కఱలేదు. కల్పనలో ఇంతకంటె సులువైనది నేను చూడలేదు. కొన్ని మీటర్లలో ఈ కడ్డీ యొకటి, కొన్నింటిలో రెండు. మఱికొన్ని పాతవానిలో రబ్బరునకు మాఱు లోహపు కాళ్లుండును. వానిని సోల్డరు చేసియుందురు. వాని సంగతి పనివానికే వదలుడు.

రబ్బరునకును రేకునకును నడుమ చెమట, నూనె, దుమ్ము చేరిన గీత పోవును. తడితో కూడిన మురికి రెండు రేకుల నడుమ వంతెన వేసిన లేని గీత వచ్చును. మీటరు చేతినుండి జాఱి పడి స్క్రూలు వదులయినను, రబ్బరు ముసలిదయి అణగిపోయినను అదిమి పట్టు బలము తగ్గును. రోగము ఇదియే యని తెలిసికొనుటకు సులభమార్గము కలదు. మీటరు తీగలను దేనికిని ఆనింపక, కిటికీ చుట్టునున్న చట్రమును బొటనవ్రేలితో మెల్లగా ఒక్కొక్క ప్రక్క నొక్కుడు. పోయిన గీత వచ్చి పోవుచున్నచో సందేహము లేదు, తాకిడి లోపమే.

ఇట్లు కాని రోగములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. కిటికీ మొత్తము తెల్లగా నున్నచో ముందు 9 ఓల్టుల బ్యాటరీని మార్చి చూడుడు. దాని టోపీలో తీగ తెగినదేమో చూడుడు. దశాంశబిందువు మాత్రమే రాకున్న తప్పు తఱచు త్రిప్పుడుమీట క్రిందనుండు రేకులలో నుండును. ఒక మూలనుండి సిరా ఒలికినట్లు నలుపు ప్రాకినచో గాజు చిట్లినది. దానికి మందు లేదు. అంకెలన్నియు వెలిసిపోయి, కిటికీ పసుపువాఱినచో పైనున్న ప్లాస్టిక్కు పొర ముసలిదైనది. పాత డిస్‌ప్లేలలో అది పుల్లని వాసనకూడ వేయును. పొర మార్చువారు కలరు గాని మార్చునపుడు కొలత తప్పి తిప్పి యంటించిన నల్లని కిటికీలో తెల్లని అంకెలు వచ్చును. ఇక వేసవిలో ట్రాక్టరుపై ఎండలో మీటరు వదలిన కిటికీ యంతయు నల్లబడుట కలదు. ద్రవస్ఫటికము వేడికి తన వరుస మఱచి వట్టి ద్రవమయినది. దానిని విప్పవలసిన పని లేదు. రెంటచింతల యెండలో నల్లబడినదైనను నీడలో పెట్టిన చల్లబడి మరల పలుకును.

తాకిడి లోపమని తేలినచో మరమ్మతునకు కావలసినవి చిన్న స్క్రూడ్రైవరు, పాత మెత్తని నూలుబట్ట, ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొంచెము. ఈ ఆల్కహాలు ఎలక్ట్రానిక్సు సామాను దుకాణములలో దొరకును. చేతులకు రాచుకొను శానిటైజరు పనికిరాదు. అందు గ్లిజరిను వంటి జిడ్డుండును. పెట్రోలు, రంగులలో కలుపు థిన్నరు ఎంతమాత్రమును తాకనీయరాదు. ప్లాస్టిక్కు పొర కరగిపోవును.

మొట్టమొదట ఎఱ్ఱతీగను, నల్లతీగను మీటరునుండి పూర్తిగా ఊడదీయవలెను. ఇది మాటవరుసకు చెప్పుట కాదు. తీగ తగిలియున్న మీటరును విప్పుట యనగా కరెంటు స్తంభమును ఇంటిలోనికి తెచ్చుకొనుట. పిదప మీటను ఆపి, వెనుక స్క్రూలు తీసి, బ్యాటరీని తొలగింపవలెను. బోర్డును అంచుగల పళ్లెములో పెట్టి పైకెత్తుడు. చవుక మీటర్లలో మీట క్రింద మినుములపాటి ఇనుప గుండ్లు రెండు, సన్నని స్ప్రింగులు రెండు దాగియుండును. అవి ఎగిరి మూలకు దొరలిన మధ్యాహ్నమంతయు వెదకుటతో సరిపోవును. డిస్‌ప్లే ఏ ప్రక్క పైకి, ఏ ప్రక్క క్రిందికి నుండెనో తీయకమునుపే గుర్తు పెట్టుకొనుడు. చేతిలో ఫోను గల మనుమడు ప్రక్కనున్న ఫొటో తీయించుట మేలు.

గాజును అంచులచే పట్టుకొనవలెను. దాని యంచున రబ్బరు తాకు భాగమును మాత్రమే ఆల్కహాలు తడిపి పిండిన బట్టతో ఒకే దిశగా తుడువవలెను. తడి కాఱి పొరల సందులోనికి పోరాదు. రబ్బరుకడ్డీ పై అంచును, క్రింది అంచును అట్లే మెల్లగా తుడుచుడు; గట్టిగా రుద్దిన చారలు అరుగును. బోర్డుపైనున్న రేకులు లోహపువైనచో పెన్సిలుగీతలు చెఱుపు రబ్బరుతో ఒకటి రెండు మార్లు రాచి, ఆల్కహాలుతో తుడువవచ్చును. రేకులు నల్లని బొగ్గుపూతవైనచో ఆ రబ్బరు కూడదు, పూత లేచిపోవును, బట్టతో నద్దిన చాలును. తుడిచిన తరువాత వ్రేళ్లు తగులరాదు. చేతి చెమటయే ఈ రోగమునకు బీజము. కాలుగంట ఆరనిచ్చి రబ్బరుకడ్డీని తలక్రిందులుగా త్రిప్పి పెట్టుడు. నలిగిన యంచు పైకి పోయి, క్రొత్త తావున అతుకు కుదురును.

ఇంతచేసినను ఒక ప్రక్క గీతలు రాకున్న అదుము చాలలేదని యర్థము. చట్రము డిస్‌ప్లేను మోయు చోట సెల్లోటేపు రెండు పొరలు వేసిన కొంత ఎత్తు వచ్చును. అట్టముక్కలు దోపువారు కలరు. నా కది నచ్చదు. అట్ట వానకాలమున ఉబ్బును, గాజు చిట్లును. స్క్రూలను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా బిగింపక, అన్నింటిని కొంచెము కొంచెముగా సమముగ బిగింపవలెను. బండిచక్రపు బోల్టులు బిగించు పద్ధతియే ఇది.

మరమ్మతు చేసినవాడు సంతోషముతో వెంటనే స్టార్టరు పెట్టెకడకు పోరాదు. పరీక్ష ముఖ్యము. 7106 చిప్పునకు పరీక్ష కొఱకే యొక కాలు కలదు. దానిని ధనవిద్యుత్తునకు కలిపిన కిటికీలో గీతలన్నియు లేచి, ఋణచిహ్నముతోకూడ 1888 అని కనబడును. ద్రవస్ఫటికము బయటపడిన సంవత్సరమును 1888 అగుట కాకతాళీయమే గాని చూచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చును. అయితే ఈ పరీక్షలో విద్యుత్తు ఒకేదిశగా నిలుచును. ఎక్కువసేపు పట్టిన డిస్‌ప్లే కాలును. అదియునుగాక చవుక మీటర్లలో చిప్పును నల్లని లక్కవంటి ముద్దతో కప్పుటచేత ఆ కాలు చిక్కుట కష్టము.

నేను చేయు పరీక్షకు టార్చిలైటు సెల్లొకటి, పాత రేడియోలోని వాల్యూము కంట్రోలు ఒకటి చాలును. కంట్రోలునకు మూడు కాళ్లుండును. కొసకాళ్లు రెంటికి సెల్లును కలిపి, నడుమకాలికి ఎఱ్ఱతీగను, ఒక కొసకాలికి నల్లతీగను ఆనించి, మీటరును డి.సి. 2 ఓల్టుల స్థానమున నుంచుడు. కొన్ని మీటర్లపై దీనిని 2000 మిల్లీఓల్టు లని వ్రాయుదురు. కంట్రోలును మెల్లగా త్రిప్పిన కొలది అంకెలు సున్న మొదలు సుమారు 1500 వఱకు నడచును. ప్రతి స్థానములోను ప్రతి అంకెయు మన యెదుటికి వచ్చి పోవును. అన్నింటిని చూడవలసిన పని లేదు. ఒక్కొక్క స్థానమున ఎనిమిదిని చూచిన చాలును. ఏడు గీతలును కలవని తేలును, లోపము లేదు. లేని గీత వచ్చుచున్నదేమో తెలియుటకు ఒకటి, రెండు, ఐదు చూడవలెను. ఒకటిలో కుడి నిలువుగీతలు తప్ప తక్కిన ఐదును ఉండరాదు. రెండులో కుడివైపు క్రిందిగీత యుండరాదు. ఐదులో కుడివైపు పైగీత యుండరాదు. ఇట్లు ఏడు గీతలును ఏదో యొకచోట అడగియుండుట చూచినట్లగును, ఆగమము లేదు. ఎనిమిది, ఒకటి, రెండు, ఐదు, ఈ నాలుగంకెలు మూడు స్థానములలోను శుద్ధముగా వచ్చిన ముఖము నిర్దోషమని నమ్మవచ్చును.

మిగిలినవి చిన్నవి. ఎఱుపు నలుపు తీగలను తాఱుమాఱు చేసిన ఋణచిహ్నము రావలెను. మీటను ఓములపై పెట్టి తీగలను గాలిలో వదలిన ఎడమకొసన ఒకటి యొక్కటే నిలువవలెను. అది అర అంకె పరీక్ష. మీటను ఒక్కొక్క కొలతకు త్రిప్పిన దశాంశబిందువు స్థానము మారవలెను.

దీనితో ముఖము పరీక్ష యయినది గాని మీటరు మొత్తము పరీక్ష కాలేదు. కరెంటు ఉన్నదా లేదా యని తెలిసికొనుటకు ఏ మీటరు వాడినను, ముందు కరెంటు తప్పక యున్నదని తెలిసిన చోట కొలిచి, పిదప అనుమానపు చోట కొలిచి, తిరిగి మొదటిచోట కొలువుడు. మూడవ కొలతను మానువారు పెక్కుమంది. నడుమ కొలతలో సున్న వచ్చినపుడు అది తీగలోని సున్నయో, మీటరులోని సున్నయో ఆ మూడవ కొలతయే చెప్పవలెను. ట్రాన్స్‌ఫార్మరు దరి పనికి మాత్రము ఈ చవుక మీటర్లను, ముఖము బాగున్నను, తీసికొని పోరాదు. వాని పొట్టపై ఎంత పెద్ద అంకె అచ్చు వేసినను లోపలి ఫ్యూజును, తీగల తొడుగును అంత బలమునకు తట్టుకొనవు. అచ్చటి పని విద్యుత్తుశాఖవారిది.

తుడిచి, త్రిప్పి, బిగించినను గీత రానిచో గాజుపైని దారి తెగియుండును. లేదా చిప్పులోని ఆ కాలు చచ్చియుండును. ఇక దానితో పోరాడుట కాలము వ్యర్థము. మంచి మీటరైనచో అదే కొలత డిస్‌ప్లే కొఱకు పట్టణమున విచారింపవచ్చును. చవుకదైనచో క్రొత్తది కొనుటయే మేలు. పాతదానిని మాత్రము "కొంచెము చూచి చదువుకో" అని పొరుగువానికి ఇయ్యకుడు. తీగ తెగినదా లేదా యని మోతతో చెప్పు స్థానము అందుండినచో, అది ముఖము లేకున్నను పనిచేయును. నా బల్లపై అట్టిది యొకటి కలదు. మీటను మోత స్థానమున నుంచి, తిరుగకుండ అంటుకాగితము చుట్టి, కిటికీపై "మోతకు మాత్రమే" అని కాగితము అంటించితిని. మోత స్థానమును లేనిదైనచో బ్యాటరీ తీసివేసి, జీబ్రా రబ్బరును శుభ్రమైన కవరులో దాచి, దాని యెత్తు కవరుపై వ్రాసి పెట్టుడు. అదే యెత్తుగల మఱొక మీటరునకు అది పనికి వచ్చును.